ఆయిల్ వేడెక్కేదాకా

బాగా నడుస్తున్న బండి ఎప్పుడు చెడిపోతుందా అని ఎదురుచూడటమంత దిక్కుమాలిన పని ఇంకొకటి ఉండదు. మధ్యాహ్నం మూడున్నరకి, అడ్డంగా తవ్వి వదిలేసిన వీధి మధ్యలో, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని అతను సరిగ్గా ఆ పనే చేస్తున్నాడు. ఎదురుగా గోతులు తవ్వే ఆ పాత ట్రాక్టర్ బ్యాక్‌హో. ముందు వెడల్పాటి బకెట్టు, వెనక మడతపెట్టిన పొడుగు చెయ్యి, పసుపు రంగు వెలిసిపోయి ఎండిన బురద రంగుకి తిరిగిన ఒళ్ళు. ఏ రోగమూ లేనిదానిలా గుడగుడమంటూ, నాలుగు గజాలు ముందుకి, నాలుగు గజాలు వెనక్కి తిరుగుతోంది. పైన సీట్లో అతని బావమరిది, భార్యకి తమ్ముడు, పంతొమ్మిదేళ్ళుగా ఆ సీటు వదలని మనిషి. చల్లగా ఉన్నంతసేపూ ఈ బండి ఇలాగే నంగనాచిలా నడుస్తుంది. నలభై నిమిషాలు గడిచి గేర్‌బాక్స్‌లో ఆయిల్ కాగిందా, ఇక లివర్ ముందుకి వేసినా వెనక్కి వేసినా ఒకటే, ఇంజిన్ అరుస్తుంది, చక్రం కదలదు. ఓ అరగంట ఆపి చల్లారనిస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. డాక్టరు గుమ్మం ఎక్కగానే నొప్పి తగ్గిపోయే రోగిలాగా. అందుకని చెడగొట్టాలి ముందు. వేడెక్కించాలి. కూర్చోవాలి. ఐదింటికి యజమాని వస్తాడు, వచ్చి ఒకే ఒక్క మాట అడుగుతాడు, గేర్‌బాక్స్ దింపాలా, అక్కర్లేదా? దింపాలి అంటే దింపించడు, ఇంత ముసలి బండికి అంత వైద్యం ఎందుకంటాడు, పాత ఇనుము కొనేవాడికి అప్పగిస్తాడు. ఆ మాట నిన్ననే చెప్పాడు, బావమరిది వింటుండగానే చెప్పాడు. యాభై నాలుగేళ్ళ మనిషిని, ఈ లివర్లు తప్ప ఇంకో లివరు పట్టని మనిషిని, కొత్త బండి మీద ఎవడు కూర్చోబెడతాడు?

బావమరిది మాత్రం ఏమీ అనలేదు. అదే ఒళ్ళు మండిస్తుంది. ఏదో ఒకటి అనొచ్చుగా. బావా, ఎలాగైనా బాగుచెయ్యి అని బతిమాలొచ్చు, నీకు చేతకాదని తిట్టొచ్చు. ఊహుఁ. పొద్దున్నే వచ్చి, సీటు మీద దుమ్ము గుడ్డతో దులిపి, ఎక్కి కూర్చున్నాడు. ఆ కుటుంబమే అంత, అక్కా అంతే తమ్ముడూ అంతే, కడుపులో ఏమున్నా పైకి చెప్పరు. భార్య అయితే ఏడాది నుంచి మాటలే తగ్గించేసింది. ఇదివరకు వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి గంటల తరబడి మాట్లాడేది, ఆ మాటలు ఇంట్లో ఫ్యాను గాలిలా తిరుగుతూ ఉండేవి. ఇప్పుడేమో దగ్గరికొచ్చి, భుజం మీద తట్టి, రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతుంది. దేనికి అలిగిందో తెలీదు. అడిగితే వింతగా చూస్తుంది. పొద్దున అతను చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి ఏదో అంది, ఆఁ అన్నాడు, అన్నాక తలుపు దగ్గర తిరిగి చూస్తే ఆవిడ అక్కడే నిలబడి ఉంది, ఆఁ అనేది సరైన జవాబు కాదన్నట్టు. ఇదంతా ఇప్పుడెందుకు. పంపు. పంపు సంగతి చూడాలి.

మొదట్నుంచీ మళ్ళీ చూద్దాం. ఆయిల్ ఎంతుండాలో అంతే ఉంది, ఇంజిన్ ఆపి డిప్‌స్టిక్‌తో తనే మూడుసార్లు కొలిచాడు. ఫిల్టర్ కొత్తది వేశాడు. అడుగున ఆయిల్ వడకట్టే జాలీ ఊడదీసి చూశాడు, చిటికెడు ఇనప రజను తప్ప ఏమీ లేదు, ఈ వయసుకి ఆ మాత్రం రజను లేకపోతేనే అనుమానించాలి. కరెంటు సంగతా? లివర్ వెయ్యగానే ఆయిల్ దారి మార్చే కాయిల్ ఒకటుంది, దాని తీగకి బల్బు కట్టి చూశాడు, బండి కదలనప్పుడు కూడా బల్బు చక్కగా వెలుగుతోంది. క్లచ్ ప్లేట్లా? ముందుకి పోయేవి వేరు, వెనక్కి పోయేవి వేరు, రెండూ ఒకే నిమిషంలో కూడబలుక్కుని పాడవుతాయా? రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆయిల్‌ని తోసే పంపు ఒక్కటే. ఆయిల్ ఒత్తిడి చూపే గేజి పెట్టి చూస్తే చల్లగా ఉన్నప్పుడు ముల్లు నిక్కచ్చిగా నిలబడుతుంది, వేడెక్కాక జ్వరమొచ్చినట్టు వణుకుతూ కిందికి జారుతుంది. అంటే పంపు అరిగింది. పంపు ఉన్నది గేర్‌బాక్స్ లోపల. అంటే దింపాలి. ఇంతే కదా, ఇందులో ఇంకేముంది? చిన్నపిల్లాడు వేసే లెక్క. మరి నోటితో ఆ మాట అనడానికి నిన్నట్నుంచీ ఎందుకు వెనకాడుతున్నాడు? బావమరిది కోసమా? కాదు. ఏదో తప్పింది. లెక్క కుదిరాక కూడా చేతిలో ఒక అంకె మిగిలిపోయినట్టుంది. ముల్లు జారాలి గానీ వణకడమెందుకు? గేజి కూడా పాతదేలే. అన్నీ పాతవే. వణుకుతాయి.

ఇదివరకైతే ఇంత లెక్క అక్కర్లేదు. అందరూ అతన్ని స్టెతస్కోపు అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి చివరికి పెళ్ళిపిలుపు మీద కూడా బ్రాకెట్లో అదే రాశారు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇనుము మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటే లోపల గేర్ల పళ్ళూ పళ్ళూ కలుసుకునే చోటల్లా కనిపించేది. నేర్పింది పెద్దమేస్త్రి. ఆయన దగ్గర పదకొండేళ్ళు చేశాడు. అరిగిన పంపు కిక్కురుమనదురా, గాలి పీల్చే పంపు ఏడుస్తుంది, ఆ ఏడుపు వినపడితే గేర్‌బాక్స్ జోలికి పోకు, గాలి ఎక్కడినుంచి దూరుతోందో వెతుకు అని చెప్పింది ఆయనే. ఇది ఏడవటం లేదు. నిన్నట్నుంచీ చెవి పెట్టి చూస్తూనే ఉన్నాడు. ఇంజిన్ గుడగుడ, బకెట్టు గలగల, అంతే. చివరి రోజుల్లో పెద్దమేస్త్రి ఎంత గట్టిగా మాట్లాడేవాడో. పక్కనే ఉన్నవాడికి కూడా ఏటి అవతల ఉన్నవాడికి చెప్పినట్టు కేకలు, షెడ్డులో అందరూ వెనక నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు ఒక ఇంజిన్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి చాలాసేపు ఉండిపోయాడు, ఎంతసేపంటే పని చేస్తున్నవాళ్ళు ఆపి చూసేంత. తర్వాత లేచి స్క్రూడ్రైవర్ ఇతని చేతిలో పెట్టి, నువ్వు చూడరా, నాకు నడుం పట్టేసింది అన్నాడు. ఆ తర్వాత రోజూ ఆయనకి నడుం పట్టేసేది. పాపం నడుం, అనుకున్నాడు అప్పట్లో. ఆయన నడుం వంచి బోల్టు తీస్తుంటే మాత్రం ఏ నొప్పీ కనపడేది కాదు.

"వేళ మొదలైంది బావా!" అని అరిచాడు బావమరిది పైనుంచి.

ఏం వేళ? గడియారం చూసుకున్నాడు. నాలుగూ ఐదు. "ఇంకా గంట ఉందిలే, నువ్వు తిప్పుతూ ఉండు," అన్నాడు. బావమరిది ముఖం చిట్లించి, ఇంకేదో అనబోయి, భుజాలెగరేసి లివరు మార్చాడు. బెదిరిపోతున్నాడు మనిషి. గంట ముందునుంచే వేళైంది వేళైంది అని. అయినా ఈ మధ్య అందరికీ నోట్లో మాట నోట్లోనే నమలడం అలవాటైంది. కూతురు ఫోను చేస్తుంది, ఆ ఫోను మంచిది కొనుక్కోవే అంటే కొనదు, నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటుంది. వస్తువులూ అలాగే వస్తున్నాయి. గోడ గడియారం టిక్కుటిక్కు మానేస్తే రెండుసార్లు బ్యాటరీలు మార్చాడు, ముల్లు తిరుగుతూనే ఉంది, చప్పుడు లేదు, ఈ కాలం సరుకు. కుక్కర్ అయితే మరీను. ఆవిడ గుడికో బజారుకో వెళ్తూ నాలుగు కూతలకి ఆపెయ్యి అని చెప్పి వెళ్తే, అతను పక్కగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క కూతా లేదు, లోపల మొత్తం మాడి బొగ్గయింది. ఆవిడ వచ్చి గిన్నె తోముకుంది. మర్నాడు తనే ఆ కుక్కర్ విప్పి రబ్బరు మార్చాడు, వెయిటు మార్చాడు, మూత అంచు ఆకురాయితో సాపు చేశాడు, అంత చేసినా కుయ్యనలేదు. కొత్తది కొందామంటే, ఇది బాగానే ఉంది అంది ఆవిడ. బాగానే ఉందట! కూత లేని కుక్కరు బాగానే ఉందట. ఆ మాట అంటూ ఆవిడ అతని ముఖంలోకి అదోలా చూసింది, జాలిగానో, కోపంగానో. ఏదైతేనేం. చిన్న కుక్కర్ బాగుచెయ్యలేనివాడు గేర్‌బాక్స్ బాగుచేస్తాడట.

నాలుగూ పదికి బండి మెత్తబడటం మొదలుపెట్టింది. లివర్ వేశాక కదలడానికి ఒక క్షణం, తర్వాత రెండు క్షణాలు. గేజి ముల్లు వణికింది. లేచి, స్క్రూడ్రైవర్ తీసి, గేర్‌బాక్స్ కేసింగుకి ఆనించి చెవి వెనక నొక్కాడు. మొద్దు శబ్దం, దిండులోంచి వచ్చినట్టు. ఇంకాస్త నొక్కాడు, ఎముక నొప్పెట్టేలా. లోపల ఏమీ కనపడలేదు. చెవి మార్చాడు. అదే దిండు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియలేదు. ఈ పనికిమాలిన ఇనుము మీద, వీధిని రెండు రోజులుగా నీళ్ళు లేకుండా ఎండబెట్టిన ఈ గొయ్యి మీద, గట్టు మీద కూర్చుని పైపులు ఎప్పుడు దింపుతారో అని చూస్తున్న పనివాళ్ళ మీద, ఐదింటి మీద. సరే, దింపాలి అని చెప్పేస్తాను. అయిపోతుంది. చెప్పి ఇంటికి పోయి పడుకుంటాను. బావమరిది ముఖం చూడకుండా ఎలా చెప్పాలో అది ఒక్కటే తేలలేదు.

అప్పుడే పక్కింటి కిటికీలోంచి ఒక ముసలావిడ చెయ్యి ఊపుతూ ఏదో అంది. పెదాలు కదిలాయి తప్ప మాట రాలేదు. అతను తలూపాడు. ఆవిడ కిటికీ వేసి, ఒక నిమిషంలో చేతికర్ర పొడుచుకుంటూ, గొయ్యి మీద వేసిన చెక్క దాటుకుని, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"తల ఊపుతావేంటయ్యా? ఆపమంటే ఊపడమేనా? నిన్నట్నుంచీ చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది. ఇప్పుడే నా మనవరాలు బిడ్డని పడుకోబెట్టింది."

"ఇంజిన్ అన్నాక చప్పుడు చెయ్యదా అమ్మా?"

"ఇంజిన్‌తో నాకేం పేచీ లేదు. అది బండ చప్పుడు, దానికి పిల్లలు హాయిగా నిద్రపోతారు. ఆ ఈల! సన్నగా, కీచుమని, ఊపిరి తీసుకోకుండా. అది ఆపు."

"ఏ ఈల?" అన్నాడతను.

ముసలావిడ బావమరిది వైపు చూసింది. బావమరిది ముసలావిడ వైపు చూశాడు. ఇంజిన్ వేగం తగ్గించి సీట్లోంచి వంగాడు. "ఇందాకట్నుంచీ నేను చెప్తున్నదీ అదే కదా బావా. ఈల మొదలైంది అని. వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. వారం నుంచీ చెప్తున్నా. నువ్వు ఆఁ ఆఁ అంటున్నావు, తెలిసే అంటున్నావనుకున్నా."

ఈల. వేళ కాదు, ఈల. అతను బండి వైపు చూశాడు. గుడగుడ. గలగల. ఈల లేదు. లేదు కాదు, ఉంది, వీధిలో అందరికీ ఉంది, గట్టు మీద కూర్చున్న పనివాళ్ళు కూడా తలలూపుతున్నారు, కిటికీ వెనక నిద్రపోతున్న పసిగుడ్డుకి కూడా ఉంది, అతనికి లేదు. కుక్కరు కూస్తూనే ఉంది ఇన్నాళ్ళూ. గడియారం కొట్టుకుంటూనే ఉంది. ఆవిడ మాట్లాడటం మానలేదు, వంటింట్లోంచి హాల్లోకి మాట్లాడి మాట్లాడి, ఆ మాటలు ఎక్కడ పడిపోతున్నాయో అర్థమయ్యాక, లేచి వచ్చి భుజం తట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఏడాది. అలిగిందనుకున్నాడు. తను కూడా తిరిగి అలిగి కూర్చున్నాడు, సిగ్గులేకపోతే సరి. ముఖంలోకి రక్తం ఎక్కింది. తెలుసులే, పరీక్ష చేద్దామని అడిగా, అందామనుకున్నాడు. ఆ అబద్ధం నాలుక మీదికి తయారుగా వచ్చి కూర్చుంది, ఎన్నేళ్ళ నుంచో అక్కడే ఉన్నట్టు. పెద్దమేస్త్రి నడుం గుర్తొచ్చింది. ఎంత తేలిగ్గా అనేవాడో ఆయన. ఆ నడుం నొప్పితోనే నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు, తను పక్కన లేనప్పుడు ఎన్ని గేర్‌బాక్సులు ఊరికే దింపించాడో ఎవరు లెక్కపెట్టారు?

"నాకు వినపడటం లేదు," అన్నాడు.

గట్టిగానే అన్నాడేమో, గట్టు మీద వాళ్ళు కూడా తిరిగి చూశారు. బావమరిది మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "అక్క ఏడాదిగా చెప్తోంది బావా. నీతో అనే ధైర్యం మాకెవరికీ లేకపోయింది," అన్నాడు. అది విని ఇంకా మండింది. అందరికీ తెలుసు! తనకి తప్ప అందరికీ తెలుసు. స్టెతస్కోపు చెవిటిదని ఊరంతటికీ తెలుసు. తిట్టాలనుకున్నాడు, తిట్టు దొరకలేదు, దొరికినా ఎవర్ని తిట్టాలి? పంపు ఏడుస్తోంది. వారం నుంచి ఏడుస్తోంది. ముల్లు వణికింది అందుకే. గాలి.

"ఇంజిన్ ఆపకు," అని అరిచి డిప్‌స్టిక్ లాగాడు. ఇన్నిసార్లూ ఇంజిన్ ఆపాకే చూశాడు, ఆపితే నురగ అణిగిపోతుంది, బుద్ధి ఉన్నవాడెవడైనా నడుస్తుండగా చూస్తాడు. పుల్ల పొడుగునా సబ్బునీళ్ళలా బుడగలు. గాలి ఆయిల్‌లోకి దూరుతోంది. ఇప్పుడిక ఎక్కడినుంచన్నదే మిగిలింది. బకెట్టు నేలకి దింపించాడు, బ్రేకు వేయించాడు, లివరు మధ్యలో పెట్టించి తాళ్ళతో కట్టించాడు, చక్రాల కింద చెక్కలు తనే కొట్టాడు. గ్రీజు డబ్బా పట్టుకుని కిందికి దూరబోతూ ఆగాడు. వింటానికి ఎవరు? బావమరిది పైనుంచి దిగకూడదు.

"అమ్మా, మీరు వెళ్ళకండి. ఈల ఆగగానే కర్రతో నేల మీద రెండు పొడవండి. మీరు అరిస్తే నాకు అందదు, కర్ర అయితే కనపడుతుంది."

"నేనెందుకు వెళ్తాను, అది ఆగేదాకా?" అంది ముసలావిడ.

వీపు కింద బురద చల్లగా తగిలింది, ముఖం మీద ఇనుము వేడిగా కొట్టింది. అడుగునుంచి పంపుకి ఆయిల్ పీల్చుకునే గొట్టం ఈ పాత బండ్లలో బయటినుంచే పోతుంది, మధ్యలో జానెడు రబ్బరు ముక్క, రెండు చివరలా దాన్ని బిగించే క్లాంపులు. నిన్న దాన్ని తడిమే చూశాడు. పొడిగా ఉందని వదిలేశాడు. పొడిగా ఉండక ఏమవుతుంది? కారే గొట్టం అయితే తడుస్తుంది, ఇది పీల్చేది, లోపలికి గాలి తీసుకుంటుంది తప్ప బయటికి చుక్క వదలదు. ఇంత తెలిసీ! వేలికి గ్రీజు తీసుకుని మొదటి క్లాంపు చుట్టూ దట్టంగా మెత్తాడు. ముసలావిడ చెప్పులకేసి చూశాడు. కర్ర కదల్లేదు. రెండో క్లాంపు. కర్ర కదల్లేదు. రబ్బరు ముక్క పైవైపుకి, కంటికి కనపడని వైపుకి, వేలు పోనిచ్చాడు. వేడికి మెత్తబడిన రబ్బరులో ఒక సన్నటి పగులు గోరుకి తగిలింది. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని, వేడెక్కాక నోరు తెరిచే పగులు. అరచేతి నిండా గ్రీజు తీసి దాని మీద పెట్టి బిగించి పట్టుకున్నాడు. చెయ్యి కాలుతోంది. ఏమీ మారలేదు, అతని ప్రపంచంలో అదే గుడగుడ, అదే గలగల. ఊపిరి బిగబట్టి కర్ర మొన వైపే చూస్తూ ఉండిపోయాడు.

కర్ర లేచింది. ఒకటి. రెండు. ఆగకుండా మూడు, నాలుగు, ముసలావిడ సంతోషం పట్టలేక పొడుస్తూనే ఉంది.

బయటికి వచ్చి, ఇంజిన్ ఆపించి, మళ్ళీ కిందికి దూరి, పగులు మీద రబ్బరు పట్టీ చుట్టి, బిగించి, ఆయిల్ నురగ అణిగేదాకా ఆగి, చెక్కలు తీసి, తాళ్ళు విప్పించి, ఇంజిన్ మళ్ళీ వెయ్యమన్నాడు. ఆయిల్ ఇంకా కాగుతూనే ఉంది. లివర్ ముందుకి వేశాడు బావమరిది. బండి నడిచింది. వెనక్కి, నడిచింది. గేజి ముల్లు గోడకి కొట్టిన మేకులా నిలబడింది. బావమరిది స్టీరింగు మీద నుదురు ఆనించి, తల ఎత్తి, గొయ్యి అంచునుంచి బండిని నెమ్మదిగా వెనక్కి తీశాడు. పనివాళ్ళు పైపుల దగ్గరికి పరిగెత్తారు.

ఐదింటికి యజమాని వచ్చాడు. అడగకముందే చెప్పాడతను. "గేర్‌బాక్స్ దింపక్కర్లేదు. జానెడు రబ్బరు గొట్టం మార్చాలి, అంతే. నిన్న నేను చెప్పబోయింది తప్పు."

"ఎలా పట్టావు? ఆ చెవులతోనేనా?" అని నవ్వాడు యజమాని.

"కాదు. చెవులు పోయాయి. వీళ్ళు విని చెప్పారు."

యజమాని నవ్వు సగంలో ఆగింది. తమాషాకి అంటున్నాడో నిజంగా అంటున్నాడో తేల్చుకోలేక బావమరిది వైపు చూశాడు, బావమరిది పక్కకి చూశాడు. రేపట్నుంచి ఈ మాట షెడ్లన్నీ తిరుగుతుంది. తిరగనీ. కోపం ఇంకా పోలేదు.

కొత్త గొట్టం కోసం ఇద్దరూ సామాన్ల కొట్టుకి నడుస్తున్నారు. పక్కన నడుస్తూ బావమరిది ఏదో చెప్తున్నాడు, ఆగకుండా, చేతులు తిప్పుతూ. ఆ కుటుంబంలో ఒకరు ఇంతసేపు మాట్లాడటం ఈ ఏడాదిలో ఇదే మొదలు. అతను అలవాటుగా ఆఁ అన్నాడు. నాలుగడుగులు వేశాడు. ఇంకోసారి ఆఁ అనబోయి ఆగిపోయాడు.

"ఒరేయ్, ఆగు. ఒక్క ముక్క వినపడలేదు," అన్నాడు. "ఇటువైపు రా. ఈ చెవి కాస్త నయం."

బావమరిది అతని వెనకనుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చాడు. వచ్చి, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.